ఒక పక్క దేవదారు, ఒక పక్క పాలసొర

పాప పుట్టిన ఆరో రోజు పొద్దున ఫోనులో ఒక పట్టిక వేసుకున్నాను. మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమ పక్కన దేవదారు, కుడి పక్కన పాలసొర. ఏ రోజు ఏది తీసుకున్నాను, ఆ తర్వాత రొమ్ముకు పంపు పెడితే ఎన్ని పాలు వచ్చాయి అన్నది వాటి కింద రాసుకోవాలి. హిమాలయాల్లో పెరిగే చెట్టుకూ సముద్రంలో తిరిగే చేపకూ పోటీ పెట్టిన మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మామూలు రోజుల్లో అయితే నేనూ నవ్వేదాన్నే. కానీ పాప బరువు రోజురోజుకూ తగ్గుతోంది, దాని కళ్ళలో తెలుపు పసుపుగా మారుతోంది, నాకు పాలు పడటం లేదు.

ఇలాంటి పట్టికలు వేయడమే నా ఉద్యోగం. సింగపూర్‌లో చాంగీ బిజినెస్ పార్క్‌లో కూర్చుని ఒక బ్యాంకు కోసం రాసిన ప్రోగ్రాములను పరీక్షిస్తాను. పాతది ఒక పక్క, కొత్తది ఒక పక్క పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి చెప్పాలి. తేడా పట్టడంలో నేను దిట్టనని మా టీములో పేరు. ఆ పేరు విని లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా. కాన్పుకు ముందు రోజు సాయంత్రం దాకా ల్యాప్‌టాప్ పొట్టకు ఆనించుకుని పని చేశాను.

మేముండేది యీషున్‌లో, పదకొండో అంతస్తులో, రెండు పడగ్గదుల ఫ్లాటులో. మా అమ్మది వరంగల్ వైపు. మా ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. మా ఆయనది కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. చేప లేనిదే వాళ్ళకు ముద్ద దిగదు. మేమిద్దరం ఇక్కడే కలుసుకుని, ఇక్కడే ఇష్టపడి, రెండిళ్ళ వాళ్ళనూ ఏడాది పాటు ఏడిపించి పెళ్ళి చేసుకున్నాం. పెళ్ళిలో ఇద్దరు వియ్యపురాళ్ళూ పక్కపక్కన నిలబడి ఫొటో దిగారు. ఆ తర్వాత నాలుగేళ్ళూ పండక్కీ పబ్బానికీ ఫోనులో "బాగున్నారా వదినగారూ" అన్నంత వరకే వాళ్ళ చుట్టరికం. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. నాకు సెలవు కుదరలేదు, ప్రయాణం వద్దని డాక్టరమ్మ కూడా అంది. దాంతో పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ విమానమెక్కి మా ఫ్లాటుకే వచ్చేశాయి.

అమ్మ సూట్‌కేసులో దేవదారు చెక్క వచ్చింది. బాలింతకు దేవదారు కషాయం పట్టడం మా అమ్మమ్మ కాలం నుంచీ ఉన్న పద్ధతట. చేతి వేళ్ళంత ముక్కలు, గోధుమ రంగువి, మూడు పొరల కవర్లో చుట్టి తెచ్చింది. రోజూ వాటిలో ఒకటి రెండు చితక్కొట్టి, శొంఠి, పిప్పళ్ళు, నాకు పేర్లు తెలియని వేర్లు మరికొన్ని కలిపి, నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి, అరగ్లాసు మిగిలే దాకా మరిగించేది. ఇల్లంతా కొత్త పెన్సిలు చెక్కినప్పటి వాసన వేసేది. ఆ వాసన చూసి మోసపోయి మొదటి రోజు పెద్ద గుక్క తాగాను. గొంతు దగ్గర్నుంచి బొడ్డు దాకా మండింది.

అత్తయ్య సూట్‌కేసులో చేప రాలేదు గానీ చేప ఎక్కడ దొరుకుతుందో ఆమె దిగిన మర్నాడే కనుక్కుంది. మా ఆయన్ను వెంటేసుకుని రైలెక్కి టెక్కా మార్కెట్‌కు వెళ్ళింది. చేపలమ్మే తమిళాయన పెద్ద సొర ముక్కలు చూపిస్తే ఇది కాదయ్యా, పాలసొర కావాలని చెయ్యి మూరెడు చాచి చూపించిందట. ఆయన వెంటనే లోపల్నుంచి చిన్న సొరలు రెండు తెచ్చి, ఇంట్లో బాలింత ఉందా అని అడిగాడట. ఈ దేశంలోనూ తెలిసినవాళ్ళున్నారని అత్తయ్య ఆ రోజంతా పొంగిపోయింది. ఆ చేపను ఉడకబెట్టి, ఇసుక కాగితంలా గరుగ్గా ఉండే తోలు ఒలిచి, పొడిపొడిగా చిదిపి, గుడ్డలో మూటకట్టి చుక్క నీరు లేకుండా పిండేది. అప్పుడు వెల్లుల్లి దండిగా వేసి, బాణలిలో పొడిగా వేయించేది. దాన్ని సొర పిట్టు అంటారు.

నేను చేపలు తింటానని అమ్మకు తెలిసింది ఆ రోజే. నాలుగేళ్ళు దాచిన గుట్టు ఒక్క పళ్ళెంతో బయటపడింది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పాప దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆ మర్నాటి నుంచి వంటగది రెండుగా చీలింది. గ్యాసు పొయ్యి అమ్మది. బట్టలుతికే మిషను పక్కన కరెంటు పొయ్యి అత్తయ్యది.

అసలు తంటా పథ్యం దగ్గర వచ్చింది. కషాయం తాగిన నాడు నీచు తగలకూడదు అంటుంది అమ్మ. చేప తిన్న నాడు చేదు పడకూడదు, పడితే పాలు విరిగిపోతాయి అంటుంది అత్తయ్య. మా ఆయన గోడ మీద పిల్లి. అమ్మ చెబితే అవునంటాడు, అత్తయ్య చెబితే ఆహా అంటాడు, తంజోంగ్ పగార్‌లో ఆఫీసుకు ఆలస్యమవుతోందని బూట్లు తొడుక్కుంటాడు. చివరికి నేనే తీర్పు చెప్పాను. ఒక రోజు దేవదారు, ఒక రోజు పాలసొర. దేంతో పాలు పడితే నలభై రోజులూ అదే. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరికి వారు తామే గెలుస్తామని ధీమాగా ఉన్నారు. అలా పుట్టింది నా పట్టిక.

మిగతా విషయాల్లో వాళ్ళిద్దరికీ పేచీ లేదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ. ఫ్యాను వేయకూడదు. సింగపూర్ ఉక్కలో కిటికీలు మూసుకుని సాంబ్రాణి పొగ. పచ్చి నీళ్ళు ముట్టకూడదు, అన్నం తిన్నాక కాచిన నీళ్ళు రెండు గుక్కలు, అంతకు మించితే వాతం కమ్ముతుంది. వరంగల్‌కూ కాకినాడకూ ఇంత మాట కలుస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. వాళ్ళు కలిసిన చోటు గురించి నేను పట్టికలో రాసుకోలేదు. తేడా లేని చోట చూడాల్సిందేముంటుంది అనుకున్నాను.

ఆరో రోజు, పాలసొర: సీసా అడుగు తడిసింది.

ఏడో రోజు, దేవదారు: సీసా అడుగు తడిసింది.

నిజంగా అలాగే రాసుకున్నాను. కొలతల గీతలు సీసా మీద ఉన్నాయి గానీ వచ్చిన పాలు మొదటి గీతను కూడా అందుకోలేదు. అత్తయ్య సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పాలసొర నాడు రెండు చుక్కలు ఎక్కువున్నాయని వాదించింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, అవి సీసా కడిగిన నీళ్ళంది. పాప నా రొమ్ము నోట్లో పెట్టుకుని పది లాగులు లాగేది. ఏమీ రాక తల వెనక్కి విసిరి ఏడ్చేది. తర్వాత్తర్వాత ఏడవడం కూడా తగ్గించింది. ఏడిస్తే భరించవచ్చు. ఏడవకుండా నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని.

పాపను రొమ్ముకు పెట్టుకుని కూర్చున్నంత సేపూ ఫోనులో ఆ రెండింటి గురించే చదివేదాన్ని. ఎందులో ఏముందో, ఏది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవచ్చని నా ఆశ. దేవదారు పడమటి హిమాలయాల్లో పెరుగుతుంది. సూదుల్లాంటి ఆకులు, ఏడాది పొడుగునా పచ్చదనం. కాయలు కొమ్మల మీద నిటారుగా నిలబడి ఉండి, ముదిరాక అక్కడికక్కడే పొరలు పొరలుగా రాలిపోతాయి. గింజలను గాలి ఎత్తుకుపోతుంది. చెక్కకు చెద పట్టదు, పురుగు పట్టదు. వందల ఏళ్ళు బతుకుతుంది. పాలసొర అలా కాదు. మహా అయితే మనిషి నడుము ఎత్తు పొడవు, బతికేది కొన్నేళ్ళే. ఒడ్డుకు దగ్గర్లో, లోతు తక్కువ నీళ్ళలో తిరుగుతుంది. ఒకటి కదలదు, ఇంకొకటి కదలకుండా ఉండదు. ఒకటి మంచులో, ఒకటి ఉప్పు నీటిలో. ఈ రెంటికీ పోలికేమిటని వెతుకుతుంటే ఒక సంగతి కనబడింది. పాలసొర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. దాని కడుపులో మాయ ఉంటుంది, బొడ్డుతాడు ఉంటుంది. దాదాపు ఏడాది మోస్తుంది. కన్న మరుక్షణం ఆ పిల్ల తన తిండి తాను వెతుక్కుంటూ ఈదుకుపోతుంది.

చదివి ఫోను పక్కన పడేశాను. పేరులో పాలున్నాయి గానీ ఆ చేపకు పాలే లేవు. చెట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు, గింజల్ని గాలికి వదిలేసి తన మానాన తాను నిలబడుతుంది. నాకు పాలు పడాలని వీళ్ళు వెతికి వెతికి తెచ్చిన రెండింటిలో ఏదీ ఏనాడూ ఒక బిడ్డకు చుక్క పాలు ఇచ్చింది కాదు. గట్టిగా నవ్వబోయాను. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. ఆ చేప మీద ఈర్ష్య పుట్టింది. కన్న తర్వాత దాన్నెవరూ ఏమీ అడగరు.

ఈ పిల్ల నాకు కాకుండా ఇంకెవరికైనా పుట్టి ఉంటే సుఖంగా పెరిగేదని ఆ రోజు మొదటిసారి అనుకున్నాను. ఆ మాట తర్వాత రోజంతా లోపల తిరుగుతూనే ఉంది. పైకి ఎవరితోనూ అనలేదు.

పక్క ఫ్లాటులో ఒక చైనీస్ ఆంటీ ఉండేది. తన కోడళ్ళకు ఇద్దరికి పురుళ్ళు పోసిన మనిషి. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఎర్ర ఖర్జూరాలతో కాచిన టీ పెద్ద ఫ్లాస్కు నిండా తెచ్చి, గుమ్మంలోనే నిలబడి నన్ను చూసింది.

"అయ్యో, సో డ్రై, యూ. డ్రింక్, డ్రింక్, గుడ్ ఫర్ మిల్క్" అంది.

అమ్మ చేతులు జోడించి ఫ్లాస్కు తీసుకుంది. ఆంటీ వెళ్ళగానే తలుపు వేసి, టీ అంతా సింకులో ఒంపి, ఫ్లాస్కు శుభ్రంగా కడిగి తుడిచి పెట్టింది. అత్తయ్య పక్కనే నిలబడి అవునన్నట్టు తలూపింది. నేను మంచం మీద నుంచి ఆ టీ సింకులో పడే చప్పుడు విన్నాను. అప్పుడు నా నోరు పిడచ కట్టుకుని ఉంది. కషాయం వేడికి అలా ఉంటుందని అమ్మ, సొర వేడికి అలా ఉంటుందని అత్తయ్య. బాలింత ఒంట్లో వేడి ఉండటం మంచిదేనని ఇద్దరూ.

సిగ్గు విడిచి ఒక సంగతి చెప్పాలి. ఆ సాయంత్రం స్నానం చేస్తూ మగ్గుతో నీళ్ళు నోట్లో పోసుకున్నాను. గుటక వేయబోయి భయపడ్డాను. వాతం కమ్మితే, పాలు పూర్తిగా ఎండిపోతే, పాపకు ఏమైనా అయితే అని. పుక్కిలించి ఉమ్మేశాను. ఇంజినీరింగ్ చదివినదాన్ని, పదిమందికి తప్పులు ఎత్తి చూపి బతికేదాన్ని, ఒక గుక్క నీళ్ళకు భయపడ్డాను.

తొమ్మిదో రోజు పొద్దున ఉయ్యాల దగ్గర ఇద్దరూ తగువులాడుకున్నారు.

"నిన్న సేపనాడు పిల్ల గట్టిగా ఏడ్సిందండీ వదినగారూ. బలం వచ్చినట్టే కదండీ" అంది అత్తయ్య.

"అది ఆకలికేడ్సింది వదినా, బలంతోని కాదు. ఇయ్యాల కషాయం పడ్డంక సూడు, ఎట్ల పండుకుందో" అంది అమ్మ.

"పడుకోవడం ఏంటండీ, సోష వచ్చి పడిపోయిందండీ పిల్ల!"

నేను లేచి వచ్చి ఉయ్యాల్లో చెయ్యి పెట్టి పాప అరికాలు గిల్లాను. కదల్లేదు. ఇంకా గట్టిగా గిల్లాను. ముఖం చిట్లించింది గానీ కళ్ళు తెరవలేదు. దాని పొట్ట కూడా పసుపు పచ్చగా ఉంది. నాకు పిచ్చెక్కినట్టయింది. కషాయం గ్లాసు ఎత్తి గోడకేసి కొట్టాను. ఆఫీసుకు బయల్దేరుతున్న మా ఆయన బూట్లతోనే లోపలికి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం పాపను పొత్తిళ్ళలో చుట్టుకుని పాలీక్లినిక్‌కు వెళ్ళాం.

అక్కడ పాప మడమ మీద చిన్న సూదితో పొడిచి రక్తం తీశారు. బట్టలన్నీ విప్పి తూచారు. డాక్టరు చిన్నవాడు, మెల్లగా మాట్లాడాడు. కామెర్ల అంకె ఎక్కువగా ఉందని, పాపకు ఒంట్లో నీరు చాలటం లేదని, ఇప్పుడే డబ్బా పాలు పట్టాలని చెప్పాడు. రేపు పొద్దున మళ్ళీ తీసుకురండి, అంకె పెరిగితే ఆస్పత్రిలో చేర్చి దీపాల కింద పడుకోబెట్టాలన్నాడు. నేను తలూపాను. డబ్బా పాలు పట్టనని నేను ఇంట్లో ఎన్నిసార్లు మొండికేశానో మా ఆయనకు తెలుసు. నా వైపు చూడకుండా ఆ మాటకు సరేనన్నాడు.

పాలు కలిపి తెచ్చిన నర్సు నడివయసు మలయ్ ఆవిడ. చిన్న కప్పు పాప పెదవులకు ఆనించింది. పాప మొదట ఊరుకుంది. తర్వాత నాలుక ఆడించింది. తర్వాత ఆ కప్పు వదల్లేదు. కప్పు అడుగు కనబడే దాకా నేను ఊపిరి పీల్చుకోలేదు. నా పిల్ల తొమ్మిది రోజుల తర్వాత కడుపు నిండా తాగడం చూసి సంతోషపడాల్సింది. నాకు సంతోషం రాలేదు, తలెత్తుకోలేనంత సిగ్గు వేసింది.

నర్సు నా ముఖం చూసి, ఏం తింటున్నావని అడిగింది. నేను ఫోను తీసి పట్టిక చూపించాను. ఎడమ పక్కన చెట్టు, కుడి పక్కన సొర చేప, రోజూ ఇలా తీసుకున్నాను, రెండింటికీ తేడా లేదు, ఇంక ఏం మార్చాలో చెప్పండి అని ఆఫీసులో చెప్పినట్టే వివరంగా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందికి అంతా చదివింది.

"ట్రీ గాట్, షార్క్ గాట్" అని నా ముఖంలోకి చూసింది. "మమ్మీ, వాటర్ వేర్?"

నాకు అర్థం కాలేదు. నిన్నటి నుంచి ఒంటికి ఎన్నిసార్లు వెళ్ళావని అడిగింది. ఆలోచించాను. నిన్న పొద్దున ఒకసారి. ఆ తర్వాత లేదు. నర్సు లోపలికి వెళ్ళి పెద్ద సీసా నీళ్ళు తెచ్చి, మూత తీసి, నా చేతిలో పెట్టింది. సీసా అంతా ఒక్క దమ్మున తాగాను. చొక్కా ముందంతా తడిసింది. ఇంకొకటి తెచ్చింది. అదీ తాగాను. నీళ్ళొక్కటే మందు కాదని, పాపను గంట గంటకూ రొమ్ముకు పెట్టాలని, నిద్రపోవాలని, అంతదాకా డబ్బా పాలు ఆపొద్దని ఆవిడ చెబుతూనే ఉంది. నేను పట్టికనే చూస్తున్నాను. రెండు వరసల్లో ఏది మారిందో చూశాను గానీ రెంటిలోనూ ఏది మారలేదో చూడలేదు. ఒకటి నీళ్ళన్నీ ఇంకిపోయే దాకా మరిగించినది, ఒకటి నీళ్ళన్నీ పోయే దాకా పిండినది. నా టీములో ఎవరైనా ఇలాంటి పొరపాటు చేస్తే నేను వాళ్ళను వదిలిపెట్టేదాన్ని కాదు.

ఇంటికి రాగానే చెవుల్లో దూది పీకి పారేశాను. ఫ్యాను వేశాను. వంటగదిలోకి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు పట్టుకున్నాను. నర్సు చెప్పిందంతా మా ఆయన ఇద్దరికీ వివరంగా చెప్పాడు. అత్తయ్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విని తేలిగ్గా లొంగిపోయింది.

"నర్సమ్మ సెప్పిందంటే మరి తాగాల్సిందేనమ్మాయ్. ఈ ఊరి గాలి వేరు, నీళ్ళు వేరు. తాగమ్మా తాగు. సొర మాత్రం మానకు" అంది.

అమ్మ అలా లొంగలేదు. నా చేతిలో గ్లాసు పట్టుకుని లాగింది. సగం నీళ్ళు నేల మీద పడ్డాయి.

"నీకేమెరుక? మీ పెద్దమ్మను నీళ్ళే మింగినయి. నా కండ్ల ముంగట జరిగింది. తాగకు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత."

నిజంగానే వంగింది. మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, బాలింతగా పోయిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. గోడ మీద ఫొటో కూడా లేని మనిషి. నేను మాత్రం ఆ క్షణాన అమ్మను కనికరించే స్థితిలో లేను.

"నా పిల్లను చంపుతావా?" అని అరిచాను. "తొమ్మిది రోజులు ఎండగట్టావు చాలదా?"

అమ్మ చేతులు వదిలేసింది. నేను ఆమె కళ్ళ ముందే ఆ గ్లాసు నింపుకుని తాగాను, మళ్ళీ నింపుకుని తాగాను. కోపంతో తాగాను. అమ్మ పాప గదిలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు పాప అంకె కాస్త దిగింది. ఆ పై రోజు ఇంకొంచెం దిగింది. దీపాల కింద పడుకోబెట్టే అవసరం రాలేదు. డబ్బా పాలు పడుతూ, గంట గంటకూ రొమ్ముకు పెడుతూ, సీసాలకు సీసాలు నీళ్ళు తాగుతూ వచ్చాను. పట్టిక తీసేశాను. పంపు సీసాలో పాలు మొదటి గీత దాటిన రోజు అత్తయ్య కాకినాడకు ఫోను చేసి, పాలసొర మహిమ అని చుట్టాలందరికీ చెప్పింది. నేను దిద్దలేదు. అమ్మ మళ్ళీ కషాయం కాయలేదు. పొయ్యి దగ్గరికే పెద్దగా వెళ్ళలేదు. రోజుకు ఐదారుసార్లు వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది, మెడ కింద చూసేది, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయేది. నా మీద అలిగిందనుకున్నాను. అలిగితే అలగనీ అని ఊరుకున్నాను.

పదిహేడో రోజు మధ్యాహ్నం. అత్తయ్య, మా ఆయన మార్కెట్‌కు వెళ్ళారు. అమ్మ మంచం మీద కూర్చుని పాప బట్టలు మడత పెడుతోంది. నేను నీళ్ళు తాగుతూ ఆమె పక్కనే కూర్చున్నాను. పాప నిద్రలో చిన్నగా ఏడ్చింది. ఆ ఏడుపుకే నా రవిక ముందు భాగం రెండు పక్కలా తడిసిపోయింది. పాలు చేపాయి. ఎవరూ లాగకుండా, పంపు పెట్టకుండా, వాటంతట అవే. అమ్మ ఆ తడిని చూసింది. నా నుదుటి మీద మళ్ళీ చెయ్యి పెట్టింది.

"జెరం రాలే" అంది.

"రాదమ్మా."

"ఎనిమిది దినాలాయె నువ్వు నీళ్ళు తాగవట్టి. మా అక్కకు తెల్లారే వచ్చింది."

అప్పుడు చెప్పింది. మడత పెడుతున్న బట్ట మీద నుంచి కళ్ళెత్తకుండా చెప్పింది.

"నాకప్పుడు తొమ్మిదేండ్లు. అక్కను ఎనుక అర్రల పండవెట్టిన్రు. అమ్మ బాయికాడికి పోయినప్పుడు అక్క నన్ను సైగ జేసి పిలిచింది. దూపైతాంది చెల్లె, చెంబెడు నీళ్ళియ్యవా అన్నది. ఇచ్చిన. గటగట తాగింది. తాగి నా చెంపలు పట్టుకుని ముద్దు వెట్టుకున్నది. తెల్లారి జెరమొచ్చింది. నీళ్ళెవరిచ్చిన్రని అమ్మ అడిగితే నేనే అని చెప్పిన. అక్కను సంపుతున్నవే అని నన్ను దొరికిన కాడల్లా కొట్టింది. అటెన్క అక్క నాలుగు దినాలున్నది. నాలుగు దినాలూ నన్నే అడిగింది. అమ్మనడిగితే ఇయ్యదని ఎరుకే. ఆఖరికి మాట రాకపాయె, పెదవులు కదిపేది. నేను ఆ అర్ర మొకాన పోలే. పెరట్ల జామచెట్టెక్కి చెవులు మూసుకుని కూసున్న."

నేను అమ్మ చేతులు పట్టుకున్నాను. యాభై ఏళ్ళుగా ఇది మోస్తోంది. ఆమె నెత్తి మీద నుంచి ఆ బరువు దించడం నా చేతిలో ఉందనుకున్నాను. దించగలనని ఆ క్షణంలో నమ్మాను కూడా.

"అమ్మా, అది నీళ్ళ వల్ల వచ్చిన జ్వరం కాదు. ఆ రోజుల్లో శుభ్రం లేక కాన్పులో లోపల చీము పట్టేది. దానికి మందు లేక పోయేవాళ్ళు. పెద్దమ్మను నువ్వు చంపలేదు. నీళ్ళు తాగినా తాగకపోయినా ఆ జ్వరం వచ్చేదే. నన్ను చూడు, నీళ్ళకు నాకేమైంది? నీ తప్పు రవ్వంత కూడా లేదు" అన్నాను.

అమ్మ నా తడిసిన రవికను, నా చేతిలో గ్లాసును మార్చి మార్చి చూసింది. ముఖంలో తేలికదనం వస్తుందని నేను ఎదురు చూశాను.

"అయితే నీళ్ళతోని ఏం గాదా?"

"కాదమ్మా."

"ఇచ్చినా ఏం గాకపోతుండెనా?"

ఆ ప్రశ్న ఎటు వెళుతోందో నాకు అప్పటికి గాని అర్థం కాలేదు. అప్పటికే ఆలస్యమైంది.

"మరి మా అక్క నాలుగు దినాలు ఉత్తగనే దూపతోని కొట్టుకున్నదా బిడ్డా? నేను చెట్టు మీద కూసున్న."

పాప లేచి ఏడుపు అందుకుంది. నా చేతిలో ఇంకా సగం నీళ్ళున్న గ్లాసు ఉంది. అమ్మ ముందు దాన్ని తాగలేక, కింద పెట్టలేక, అలాగే పట్టుకుని కూర్చున్నాను.